నోటుబుక్కులో ఖాళీ గీత: విడుదల కోసం వచ్చిన ఒక అక్క కేసు

చిత్తూరు జిల్లాలో మా వారు ఒక చిన్న సంఘానికి కాపరి. ఆడవాళ్లకు మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే నా దగ్గరికి వస్తారు. పాస్టరల్ కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకుని పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. డాక్టరును కాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, మొదటి నాలుగు నెలలు నేను ఇచ్చిన ఓదార్పే ఆ మనిషి సంకెళ్లను బిగించింది. సేవకుల భార్యలు, బైబిల్ స్త్రీలు చాలామంది ఇప్పటికీ అదే ఓదార్పు రోజూ ఇస్తున్నారు, నిండు ప్రేమతోనే ఇస్తున్నారు.

వయసు, పని, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. ఆవిడ చదివి, రెండుచోట్ల కొట్టేయమని చెప్పి, సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది. ఇక్కడ ఆవిడను అక్క అనే రాస్తాను.

నేపథ్యం

అక్కకు నలభై ఏడేళ్లు. మూడు తరాల క్రైస్తవ కుటుంబం. తాత ఆర్కాటు మిషన్ వాళ్ల పల్లె బడిలో చదువుకున్నాయన. అక్క పొద్దున, సాయంత్రం ఊరి పాల కేంద్రంలో పాల కొలత, వెన్న శాతం (ఫ్యాట్) లెక్కలు రాస్తుంది. భర్త మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. సంఘంలో స్త్రీల సమాజానికి చాలాకాలం కార్యదర్శిగా చేసింది. ఆమె పాట ఎత్తుకుంటే గుడంతా అందుకునేది.

నా దగ్గరికి రావడానికి నాలుగేళ్ల ముందు ఆమె అత్త చనిపోయింది. ఆ తర్వాత ఏడాదికల్లా అక్క బల్లలో, అంటే ప్రభువు భోజనంలో, పాలుపొందడం మానేసింది. చివరి వరసలో కూర్చునేది, రొట్టె, ద్రాక్షారసం అందించే వేళకు లేచి బయటికి పోయేది. బీపీ అనుకున్నాం, పాల వేళ అనుకున్నాం. మూడేళ్లు ఒక మనిషి ప్రభువు బల్ల ముందు నుంచి లేచిపోతుంటే మాలో ఒక్కరం కూడా వెనకాలే పోయి ఎందుకని అడగలేదు. ఈ కేసులో మొదటి తప్పు అదే.

వచ్చినప్పటి పరిస్థితి

మామిడికాయల కాలంలో, మధ్యాహ్నం ఎండలో భర్త తీసుకొచ్చాడు. "మా ఆమెకు ఏదో పట్టిందమ్మగారూ. రాత్రి నిద్రపోదు. కేంద్రంలో ఫ్యాట్ నంబరు రాస్తాది, కొట్టేస్తాది, మళ్లా రాస్తాది. పాలు పోసేవాళ్లు తిడతాండారు" అన్నాడు. ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, తలుపు తెరిచే ఉంచి ఆమెతో మాట్లాడాను.

"పరిశుద్ధాత్మను దూషించినోళ్లకు క్షమాపణ లేదని బైబిల్లోనే ఉండాది గదమ్మగారూ. నేను దూషించినా."

జరిగింది ఇది. అత్త పోయాక వచ్చిన ఈస్టరు నాడు బల్ల దగ్గర మోకరించి ఉండగా, రొట్టె చేతిలో పడే ఘడియలో ఒక బూతుమాట లోపల వినబడింది. జీవితంలో ఎన్నడూ నోటితో అనని మాట. అప్పట్నుంచి ప్రార్థన అనగానే ఆ మాట వస్తుంది. దాన్ని తుడిచెయ్యడానికి కుడిచేతి బొటనవేలితో నాలుగు వేళ్ల గణుపులు లెక్కపెట్టుకుంటూ పన్నెండుసార్లు "ప్రభువా క్షమించు" అనాలి. మధ్యలో ఆ మాట అడ్డమొస్తే మళ్లీ మొదటి గణుపు నుంచి. ఒక్కో రాత్రి రెండు గంటలు పట్టేది. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె కొంగు సన్నగా కదులుతూనే ఉంది. వణుకేమో అనుకున్నాను. కొంగు కింద బొటనవేలు గణుపుల మీద తిరుగుతోందని చాలాసేపటికి గాని నాకు అర్థం కాలేదు.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని కొందరు భయపడతారు. పుట్టించం, అడగకపోవడమే ప్రమాదం. "చస్తే నేరుగా నరకమే గదా. ఆ భయానికే బతికుండా" అంది. ఆ మాటతో నా ఒళ్లు జలదరించింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416ను భర్త ఫోన్‌లో ఎక్కించాను. రాత్రిపూట ఆమెను ఒంటరిగా వదలొద్దన్నాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో సరైనది ఇదొక్కటే.

నేను చేసినవి, అవి చేసినవి

ఆమె చెప్పినదాన్ని వాక్యంతో సరిచేయవచ్చనుకున్నాను. మార్కు 3వ అధ్యాయంలో ఆ హెచ్చరిక ఎవరికి? యేసు దయ్యాలను వెళ్లగొట్టడం కళ్లారా చూసి, ఆయనకే దయ్యాల అధిపతి బయెల్జెబూలు పట్టిందని తెగేసి చెప్పిన శాస్త్రులకు. తన తలలో వచ్చిన మాటకు తానే ఏడుస్తున్న మనిషికి అది వర్తించదు. రోమా 8:1 చూపించాను, క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదని. పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడనే యోహాను మొదటి పత్రిక 1:9 బట్టీ పట్టించాను. ఆమె కళ్లు తుడుచుకుని నవ్వుతూ వెళ్లింది.

మరుసటి రోజు ఫోన్. "అమ్మగారూ, నిన్న చెప్పింది ఇంకొక్కసారి చెప్తారా?" చెప్పాను. వారం తిరిగేసరికి రోజుకు మూడుసార్లు, నెల తిరిగేసరికి తొమ్మిది, పదిసార్లు. మొదట్లో నా మాటతో ఒక రోజు నెమ్మది దొరికేది. తర్వాత ఒక గంట. చివరికి ఫోన్ పెట్టేసేలోపే అయిపోయేది. అయినా చెబుతూనే ఉన్నాను, ఎందుకంటే చెప్పిన ప్రతిసారీ ఆ గొంతు తేలికపడటం నాకు వినబడేది. కాపరి ఇంట్లో ఉన్న మనిషి వాక్యం చెప్పనని ఎలా అంటుంది?

మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేశాం. మా వారు నూనె రాసి ప్రార్థించారు. ఈలోపు బంధువులు వేరే ఊళ్లో విడుదల కూటానికి, అంటే దయ్యాలను వెళ్లగొట్టే ప్రార్థన సభకు, తీసుకెళ్లారు. అక్కడ ఆమె చెవిలో గట్టిగా కేకలేస్తూ, దురాత్మ ఉందని అందరి ముందూ ప్రకటించారు. కొత్త భయంతో తిరిగొచ్చింది. ఇక బైబిలు ముట్టుకోవాలన్నా వెనకాడింది. దురాత్మలు లేవని నేను అనను. వాక్యాన్ని నమ్మేదాన్ని అలా ఎలా అంటాను? కానీ క్రీస్తు నామంలో ఒక్క మాటతో పోవాల్సినదాన్ని నలభై సార్లు గద్దించాల్సి వస్తోందంటే, మనం చూస్తున్నది ఇంకేదో అయుండాలని ఆ రోజే ఆలోచించాల్సింది.

తర్వాత నాకు తోచిన పని, పాపాలన్నీ కాగితం మీద రాసి తగలబెట్టడం. రిట్రీట్లలో చేయిస్తుంటాం, కొందరికి మేలు చేసింది కూడా. గుడి వెనక మట్టిమూకుడులో కాల్చాం. మూడు రాత్రులు నిద్రపోయింది. నాలుగో రోజు ఫోన్: "అన్నీ రాసినానో లేదో అమ్మగారూ. ఒకటి మిగిలిపోతే?" ఆ సాయంత్రమే రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొనుక్కుంది, ఏదీ మిగిలిపోకుండా రోజూ రాసుకోవడానికి. ఆ నోటుబుక్కు పుట్టింది నా సలహాతోనే.

మలుపు

మా సంఘంలో పెరిగి వేలూరులో మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేస్తున్న అమ్మాయి సెలవుకు వచ్చింది. నేను అక్కతో ఫోన్లో మాట్లాడటం పక్కన కూర్చుని వింది. "ఆంటీ, మీరు ఆమెకు వాక్యం చెప్పట్లేదు. మాత్ర ఇస్తున్నారు. డోసు పెరిగిపోతోంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల చెప్పింది నిజం. అక్క అడుగుతున్నది దేవుణ్ణి కాదు, ఒక ఖచ్చితమైన భరోసాను. అది దొరికేకొద్దీ ఇంకా కావాలనిపించేది. బ్యాంకులో అప్పు తీరి చెల్లు కాగితం చేతికొచ్చాక కూడా రోజూ పొద్దున వెళ్లి కౌంటర్లో "తీరిందా సార్" అని అడిగే రైతులా ఉంది ఆమె స్థితి. కాగితం తప్పేమీ లేదు. నేనే రోజుకు పదిసార్లు కౌంటరు తెరిచి పెట్టాను.

డాక్టరు దగ్గరికి ఒప్పించడం తేలిక కాలేదు. విశ్వాసం లేనోళ్లే పిచ్చి డాక్టరు కాడికి పోతారంది. అప్పుడు ఆమె తాత సంగతి అడిగాను. ఆయనకు క్షయ వస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉంచారని ఆమే ఎప్పుడో చెప్పింది. పలు మిషన్లు కలిసి 1915లో అక్కడ తెరిచిన క్షయ ఆసుపత్రి అది. అక్కడ ప్రార్థనా ఉండేది, సూదిమందూ ఉండేది. "మీ తాత సూది వేయించుకుంటే విశ్వాసం తక్కువైనట్టా?" అన్నాను. చాలాసేపు పలకలేదు. "తాత అక్కడే ఇంకా గట్టిగా పాడేవాడంట" అంది. ఆ వారమే వేలూరు బస్సెక్కాం.

డాక్టరు చెప్పింది ఓసీడీ అని. వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని తుడిచెయ్యడానికి మళ్లీ మళ్లీ చేసే పని, అదీ ఆ జబ్బు. అందులో భక్తి విషయాలను పట్టుకునే రకం, స్క్రుపులాసిటీ. లాటిన్‌లో ఆ మాటకు మూలం చిన్న పదునైన రాయి. చెప్పులో పడ్డ గులకరాయి అనుకోండి. ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, గడప దాటగానే ఇంకొకటి గుర్తొచ్చి వెనక్కి పోయేవాడని ఆ డాక్టరే అక్కకు చెప్పాడు. తనలాంటి మనిషి ఐదు వందల ఏళ్ల కిందటే ఒకడున్నాడని విన్నప్పుడు ఆమె ముఖం తేటపడటం చూశాను. మందు ప్రభావం పూర్తిగా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని చెప్పారు. దాంతోపాటు సాధన: ఆ మాట వచ్చినా ఎదురు ప్రార్థన చెయ్యకూడదు, గణుపులు లెక్కపెట్టకూడదు, ఎవరినీ అడగకూడదు. భయం దానంతటది దిగేదాకా ఉండాలి. ఒప్పుకోలు రాత్రి ఒకేసారి, రెండు వాక్యాల్లో.

నా వంతు అన్నిటికంటే కష్టమైంది. ముగ్గురం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆమె ఫోన్ చేస్తే ఎత్తుతాను, కానీ క్షమాపణ గురించి అడిగితే నా జవాబు ఒకటే: "దానికి నేను జవాబు చెప్పను అక్కా. ఇప్పుడేం పని చేస్తాండావు?" మొదటిసారి అలా అన్నాక ఫోన్ పెట్టేసి వంటింట్లో ఏడ్చాను. రాయిలాగా ఉన్నానేమో అనిపించింది. ధైర్యం చిక్కింది లూకా 13లో నడుము వంగిన స్త్రీ దగ్గర. పద్దెనిమిదేళ్లు వంగిపోయి ఉంది. యేసే పిలిచాడు, విడుదల పొందియున్నావన్నాడు. ఆమె ఏమి ఒప్పుకుంది, ఎన్నిసార్లు ఒప్పుకుంది? అక్కడ ఒక్క ముక్క లేదు. ఆ భాగం అక్కతో ఒక్కసారి చదివాను. మళ్లీ చదవమంటే చదవలేదు.

ఖాళీ గీత

రెండు నెలలకు గణుపుల లెక్క సగానికి పైగా తగ్గింది. ఫ్యాట్ నంబర్లు కొట్టేయడం ఆగింది. కానీ రాత్రుళ్లు ఏదో మిగిలే ఉంది. సాధనలో భాగంగా నోటుబుక్కును నాకు అప్పగించమన్నాను. తెచ్చిచ్చింది. చదవాలని కాదు, బీరువాలో పెట్టేద్దామని తీసుకున్నాను. పేజీలు దులుపుతుంటే ఒకటి కంటబడింది. ప్రతి పేజీలో ఒకటి, రెండు, మూడు అని వరస. రెండో నంబరు నుంచి చీమల బారులా సన్నని రాత: పిల్లల్ని మనసులో విసుక్కున్నాను, ప్రసంగంలో నిద్రొచ్చింది. ఒకటో నంబరు ఎదుట మాత్రం ఏ పేజీలోనూ ఏమీ లేదు. ఖాళీ గీత.

"ఇదేంటక్కా?"

"అది దేవుడికి తెలుసు లెండి."

ఇక్కడ నేను చాలా ఆలోచించాల్సి వచ్చింది. ఇదీ జబ్బులో ముక్కేనా? అయితే అడగడమే తప్పు, ఇంకో ఒప్పుకోలుకు దారి తెరిచినట్టవుతుంది. కానీ ఒక తేడా కనిపించింది. జబ్బు పుట్టించిన పాపాలను ఆమె చెప్పడానికి ఉరికేది, రోజుకు పదిసార్లు, ఎవరు వింటే వాళ్లకు. దీన్ని మాత్రం దాస్తోంది, మాట మారుస్తోంది. డాక్టరుకు ఫోన్ చేశాను. తొందరపెట్టకండి, ఆమె చెబితే ఒక్కసారే వినండి, రెండోసారి వినకండి అన్నాడు.

మూడు వారాల తర్వాత తనే వచ్చింది. బైబిలు జిప్పు కవరు లోపలి అరలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కుదవ చీటీ. పదకొండేళ్ల కిందటిది, మడతల దగ్గర చిరిగి, ఇంకు పాలిపోయి ఉంది. రెండు సవర్ల గొలుసు.

భర్త చేసిన గుత్త నష్టపోయిన ఏడాది, పిల్లల ఫీజులకు ఎవరికీ చెప్పకుండా అత్త గొలుసు బీరువాలోంచి తీసి కుదవ పెట్టింది. విడిపించేలోపే వేలమైపోయింది. గొలుసు పోయిందని ఇంట్లో గోలయ్యాక, నింద తోటికోడలి మీద పడింది. పేదింటి పిల్ల, కొత్తగా వచ్చింది. అక్క నోరు విప్పలేదు. ఆ పిల్ల వేరు కాపురం పోయింది, ఇన్నేళ్లుగా బంధువుల్లో "గొలుసు కోడలు" అయింది. అత్త చనిపోయిన రోజు నగలు తీసేటప్పుడు ఆమెను దగ్గరికి రానివ్వలేదు. అక్క చూస్తూ నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ఈస్టరు బల్ల దగ్గరే ఆ బూతుమాట వినబడింది.

నాలుగు నెలలు నేను రెండు వేర్వేరు సంగతులను ఒకే కట్టెలమోపుగా మోశాను. ఒకటి లేని పాపం. దానికి జవాబు చెప్పేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, చెప్పకూడదు. రెండోది ఉన్న పాపం. దానికి జవాబు చెప్పి తీరాలి, అదీ దేవుడికొక్కడికే కాదు. మన మీది రుణపత్రాన్ని సిలువకు కొట్టేశాడని కొలొస్సయి పత్రికలో పౌలు రాశాడు. అది నమ్ముతాను. కానీ తోటికోడలి దగ్గరున్న పత్రం ఇంకా అలాగే ఉంది, దాని మీద వడ్డీ ఆ పిల్లే కడుతోంది.

చెప్పడం

తొందరపడలేదు. మందు మొదలై మూడు నెలలు దాటనిచ్చాం. భర్త చెయ్యి చేసుకునే మనిషేమోనని విడిగా కనుక్కున్నాను, కాదు. ముందు ఎవరికి చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. భర్తకు చెప్పి ఆయన చేత చెప్పించాలని అక్క అనుకుంది. వద్దన్నాను. నింద మోసిన మనిషే ముందు వినాలి. మిగతావాళ్లకు ఎలా, ఎప్పుడు తెలియాలన్నది కూడా ఆమె ఇష్టం.

ఎంత తిరిగివ్వాలన్న దగ్గర జబ్బు మళ్లీ తల ఎత్తింది. సువార్తలో, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్న సుంకరి జక్కయ్యలాగా తానూ నాలుగంతలు ఇస్తానంది. అంటే 64 గ్రాములు, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టినా కష్టం. జక్కయ్య ఆ మాట అన్నది సంతోషంలో, యేసు తన ఇంటికి వచ్చాక. అక్క అంటున్నది భయంతో. లేవీయకాండం 6వ అధ్యాయం తెరిచాం: మోసం చేసి తీసుకున్నది పూర్తిగా తిరిగిచ్చి, దానికి ఐదో వంతు కలపాలి. 16 గ్రాములకు 3.2 గ్రాములు. మొత్తం 19.2. ధర్మశాస్త్రం అపరాధానికి ఒక లెక్క కట్టి, అక్కడితో ఆపమంటుందని అన్నేళ్లు చదివినా నేనూ అప్పుడే గమనించాను. అక్క ఆ అంకెను వేలితో తాకుతూ కూర్చుంది. "ఇంతేనా?" అంది. ఇంతే.

బల్ల సంగతి కూడా అడిగింది, చెప్పేదాకా తీసుకోకూడదా అని. షరతు పెట్టలేదు. పెడితే కృపను మళ్లీ కూలీగా మార్చినట్టవుతుంది. "ముందు ఆ పిల్ల కాడికి పోయొస్తా" అని తనే నిర్ణయించుకుంది.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు వెళ్లింది. నేను వీధి చివర ఆటోలో కూర్చున్నాను. అక్క కుదవ చీటీ ఇచ్చి, చెప్పింది. తోటికోడలు చీటీ మీది తేదీ చదివింది, మడిచింది. "నా బిడ్డను తొట్లో వేసిన దినం కూడా నన్ను దొంగనే అన్నారు" అని లోపలికి పోయి తలుపేసుకుంది. అంతే. కౌగిలింత లేదు, కన్నీళ్ల సమాధానం లేదు. తిరుగు దారిలో అక్క క్షమించిందా లేదా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. "దానికి కోపం రావాల్సిందే గదమ్మగారూ" అంది. ఆమె నోట భయం లేకుండా వచ్చిన మొదటి ఒప్పుకోలు అది.

పది రోజులకు తోటికోడలు కబురు పెట్టింది, ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు చెప్పాలని. పండక్కి అందరూ కూడినప్పుడు అక్క నిలబడి చెప్పింది. భర్త రెండు వారాలు మాట్లాడలేదు. మరిది ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. నెలకో గ్రాము చొప్పున బంగారం వెళుతోంది. ఇప్పటికి పదకొండు గ్రాములైంది.

జనవరి మొదటి ఆదివారం బల్ల. అక్క చివరి వరసలోంచి లేచింది. బయటికి పోతుందనుకున్నాను, ముందుకు వచ్చింది. మోకరించింది. కుడిచేతి బొటనవేలు అరచేతిలో కదలకుండా ఉంది. సాయంత్రం ఫోన్ చేసింది.

"ఆ మాట లోపల తిరగతానే ఉన్నింది అమ్మగారూ. రొట్టె పట్టుకున్నప్పుడు కూడా."

"ఊ."

"అయినా తినేసినా. సరే, పాల టైమయింది, ఉంటా."